మెత్తగా రాసిన మొరలు

“కాస్త మెత్తగా రాయి,” అన్నాడాయన, తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్తూ.

పదకొండేళ్ళుగా ప్రార్థనకి ముందురోజు మధ్యాహ్నం ఈ మాట అనకుండా ఆయన స్నానానికి వెళ్ళింది లేదు. కూరలో ఉప్పు చూసి వెయ్యి అన్నంత మామూలుగా అంటాడు. ఆమె కూడా అంతే మామూలుగా ఊఁ అంటుంది. వంటింటి బల్ల మీద ఒక పక్క కూరగాయల తొక్కలు, ఇంకో పక్క ప్రార్థన మందిరం నుంచి వచ్చిన అట్టపెట్టె. దాని మూత మీద సన్నటి గాటు. వారమంతా జనం ఆ గాటులోంచి వేసిన చీటీలు ఇప్పుడు కుప్పగా ఆమె ముందున్నాయి. వాటిని విప్పాలి, నలిగినవాటిని అరచేత్తో సాపు చెయ్యాలి, ఒకేలాంటివి ఒకచోట చేర్చాలి, చివరికి అన్నిటినీ ఒక పెద్ద కాగితం మీదికి అందంగా ఎక్కించాలి. ఈలోపు పొయ్యి మీద కూర అడుగంటకూడదు. అత్తగారి మందు వేళ దాటకూడదు. ఆయన రేపు తొడుక్కునే తెల్లచొక్కా కాలర్ నలగకూడదు. ఇన్ని ‘కూడదు’ల మధ్య ఆమె దేవుడికి ఉత్తరాలు రాస్తుంది.

ఆమెను మందిరంలో అందరూ రాతమ్మ అంటారు. చేతిరాత అంత బాగుంటుంది మరి. ఆమె భర్త మందిరం పెద్ద. మొరలు చదివేది ఆయనే. నిలువెత్తు మనిషి, గంటలాంటి గొంతు. ఆయనకి మనసులో చదువుకోవడం అనే విద్య రాలేదు. పేపరు గానీ, మందు సీసా మీది కాగితం గానీ, కరెంటు ఆఫీసు నోటీసు గానీ, ఏది చేతికిచ్చినా గొంతెత్తి చదవాల్సిందే. మొరల కాగితాన్ని మాత్రం ముందుగా ఒక్కసారైనా చూసుకోడు. “నీ అక్షరాలుండగా ముందు చూసుకోవడం ఎందుకు?” అంటాడు. పన్నెండేళ్ళ కాపురంలో ఆయన నోటివెంట వచ్చిన మెప్పు అదొక్కటే కాబట్టి ఆమె దాన్ని జాగ్రత్తగా దాచుకుంది.

మొర చదవగానే హాలులో ఉన్నవాళ్ళంతా ఒక్క గొంతుతో “ఇది మా అందరి మొర” అనాలి. మొదటి గొంతు ఎప్పుడూ అత్తగారిదే. ఆడవాళ్ళ వైపు ముందు వరసలో కూర్చుని, కొడుకు ఆఖరి అక్షరం పలికీ పలక్కముందే అందుకుంటుంది. ఇక గోడ మీద, నీలం రంగుతో, తాతల కాలం నాటి రాత ఒకటుంది: ‘అందరిదీ అన్నవాడు చెయ్యి వెయ్యాలి.’ ప్రార్థనకి ముందు పిల్లలందరినీ కూర్చోబెట్టి రాతమ్మ వాళ్ళకి నేర్పే మొదటి పాఠం అదే. “మొరంటే వినేసి వెళ్ళిపోయేది కాదర్రా. నాదీ అన్నాక చెయ్యి వెయ్యాలి. లేకపోతే దేవుడి ముందు అబద్ధం ఆడినట్టే,” అని చెప్తుంది. ఉత్తినే చెప్పదు, గట్టిగా నమ్మి చెప్తుంది. ఒకప్పుడు ఎవరిదో ఇల్లు కూలిందని మొర చదివితే సాయంత్రానికల్లా పదిమంది ఇటుకలు మోశారట. అది విన్నప్పుడల్లా ఆమెకి ఒళ్ళు పులకరిస్తుంది. ఈమధ్య ఎవరూ ఇటుకలు ఎందుకు మోయడం లేదో మాత్రం ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆ పని ఆమె చేతికి ఎలా వచ్చిందంటే, పెళ్ళికి ముందు ఆమె బడిలో చిన్నపిల్లలకి పాఠాలు చెప్పేది. పెళ్ళయ్యాక “కొన్నాళ్ళు ఆగు” అన్నారు. ఆ కొన్నాళ్ళు అంటే ఎన్నాళ్ళో ఎవరూ చెప్పలేదు. అడిగితే “ఇప్పుడు నీకేం తక్కువైందని?” అని అత్తగారు, “ఇంట్లో పెద్దావిడని పెట్టుకుని వీధిన పడతావా?” అని ఆయన. ఏడాది చూసి, ఒక చీటీ మీద పేరు లేకుండా ‘నేను మళ్ళీ బడికి వెళ్ళి పాఠాలు చెప్పాలి. నా ఇంట్లోవాళ్ళు అడ్డుపడకూడదు’ అని రాసి పెట్టెలో వేసింది. ప్రార్థనరోజు చెవులు రిక్కించి కూర్చుంది. ఆయన గొంతు ఖంగుమంది: “ఒక సోదరి తన ఇంట శాంతిని కోరుతోంది.” ఇది మా అందరి మొర, అన్నారంతా. నోరు తిరక్కపోయినా ఆమె కూడా అంది. ఇంటికొచ్చాక ఆయన ఆ చీటీని ఆమె చేతిలో పెట్టి నవ్వాడు. “పేరు రాయకపోతే నీ అక్షరాలు నాకు తెలియవనుకున్నావా? ఇంత చక్కటి రాత వృథా పోకూడదు. అమ్మకి కళ్ళు ఆనడం లేదు, ఇకనుంచి మొరలు ఎక్కించే పని నీది,” అన్నాడు. అంతవరకూ ఆ పని అత్తగారిది. అలా ఆమె మొర పోయి ఆమెకి ఒక పని దొరికింది.

ఆ తర్వాత నేర్చుకుంది, మెత్తగా రాయడం. ‘నా మొగుడు కొట్టకుండా చూడు’ అన్నది ‘కుటుంబ శాంతి’ అయింది. ‘మా బావగారు నా గది తలుపు తడుతున్నాడు’ అన్నది కూడా కుటుంబ శాంతే అయింది. ఇంట్లో తనకి చివర్న మిగిలిందే పెడుతున్నారన్న కోడలి చీటీ ‘ఆరోగ్యం’ కింద చేరింది. “మందిరంలో నలుగురు పెద్దమనుషులు కూర్చుంటారు. వాళ్ళ మనసు నొప్పించకూడదు. దేవుడికి వివరాలెందుకు? ఆయనకి అన్నీ తెలుసు,” అనేవాడు భర్త. నిజమే కదా అనుకునేది. ఆమెకి దేవుడంటే భయం కన్నా చనువు ఎక్కువ. తను ఎలా రాసినా ఆయన సర్దుకుంటాడనుకుంది. కానీ ప్రార్థన రాసిన కాగితాన్ని చెత్తబుట్టలో వెయ్యడానికి మాత్రం చేతులు రాలేదు. అందుకని అసలు చీటీలన్నిటినీ రేకు డబ్బాల్లో పెట్టి మంచం కింద తోసేది. ఇప్పటికి ఏడు డబ్బాలయ్యాయి. ఊడ్చేటప్పుడల్లా అడ్డం వస్తాయి.

ఆ మధ్యాహ్నం చీటీలన్నీ విప్పాక ఆమెకి ఏదో వెలితిగా తోచింది. మళ్ళీ వెతికితే గుర్తొచ్చింది. ఎడమవైపుకి వాలిపోయే అక్షరాలతో, పెన్సిలుతో రాసిన చీటీ ఒకటి చాన్నాళ్ళుగా వారం వారం వచ్చేది. ‘జిగురు గది వెనక తలుపుకి బయటినుంచి తాళం వేస్తున్నారు. లోపల పద్నాలుగు మందిమి ఉంటాం. గాలి ఆడడం లేదు. ఆ తాళం తీయించు దేవా.’ ప్రతివారం అవే మాటలు. వాటిని ఆమె ‘పనిచేసే చోట క్షేమం’ కింద కలిపేసేది. ఈ వారం అది రాలేదు. హమ్మయ్య, తాళం తీసేసినట్టున్నారు, అనుకుంది రాతమ్మ. అనుకుని, సంతోషంగా కూర దించింది.

ఆయన తల తుడుచుకుంటూ వచ్చాడు. “అన్నట్టు, మా ఫ్యాక్టరీలో ఎవరో అమ్మాయి మొన్న కళ్ళు తిరిగి పడిందట. మన మందిరానికి వచ్చేదే. పిచ్చుక అంటారే, ఆ అమ్మాయి. పళ్ళు పట్టుకెళ్ళి ఓసారి పలకరించి రా. యజమానిగారు కూడా అన్నారు, మందిరం తరఫున ఎవరైనా వెళ్తే బాగుంటుందని.”

అట్టపెట్టెల ఫ్యాక్టరీలో గోదాము చూసుకోవడం ఆయన ఉద్యోగం. యజమాని మందిరంలో మగవాళ్ళ వైపు ముందు వరసలో కూర్చునే మనిషి. హాలులో ఫ్యాన్లు ఆయన పెట్టించినవే. చివరికి మొరల పెట్టె కూడా ఆయన ఫ్యాక్టరీదే. ఇలాంటి పలకరింపులు కూడా రాతమ్మ పనుల్లో ఒకటి. చావులకీ పురుళ్ళకీ జబ్బులకీ పెద్దగారి తరఫున ఆమె వెళ్తుంది, ఆ తర్వాత పెద్దగారికి మంచిపేరు వస్తుంది. చొక్కా ఇస్త్రీ చేసి తగిలించి, పళ్ళు సంచిలో వేసుకుని బయల్దేరింది.

పిచ్చుక ఉండేది మేడ మీద ఒకే ఒక్క గది. సన్నగా, గడగడా మాట్లాడుతూ, ఒకచోట నిలవకుండా తిరుగుతుంటుందని ఆ పేరు పెట్టారు. ఆ మనిషి ఇప్పుడు గోడకి ఆనుకుని కూర్చుని, ఊపిరి పీల్చినప్పుడల్లా భుజాలు పైకి లేపుతోంది. పెదాల చుట్టూ చర్మం లేచిపోయి ఉంది. పక్కన ఆమె అక్క గిన్నెలో నీళ్ళు పెట్టుకుని కూర్చుంది. ఇద్దరూ అదే ఫ్యాక్టరీలో పనిచేస్తారు.

“మాట్లాడకూడదన్నారమ్మా డాక్టరు,” అంది అక్క. “జిగురు ఆవిరికి గొంతులోపల కమిలిపోయిందట. నెల్లాళ్ళు నోరు తెరవకూడదన్నారు. దీనికి నెల్లాళ్ళు నోరు మూసుకోవడం అంటే శిక్షే.”

“కళ్ళు తిరిగి పడిందన్నారు...” అంది రాతమ్మ.

“ఎవరన్నారు?” అంది అక్క. కోపంగా కూడా కాదు, ఆశ్చర్యంగా. “గాలి బయటికి లాగే ఫ్యాను ఆగిపోయిందమ్మా. జిగురు కాగుతానే ఉంది. కళ్ళు మంటలు, ఊపిరి అందడం లేదు. ముందు దారిలో వెళ్దామంటే మిషన్ల మధ్యనుంచి పాక్కుంటూ వెళ్ళాలి. వెనక తలుపు నాలుగడుగులే. దానికి బయట తాళం. గాలికని బయటికెళ్ళి కబుర్లు చెప్పుకుంటామట మేము, అందుకని. ఇది తలుపు మీద గుద్దుతానే ఉంది. నలభై నిమిషాలు.”

“తాళం తియ్యడానికి ఎవరూ లేరా?”

అక్క చెల్లెలి వైపు చూసింది. చెల్లెలు తల అడ్డంగా ఊపింది, చెప్పొద్దన్నట్టు. అయినా అక్క చెప్పింది. “తాళాలు గోదాములో ఉంటాయమ్మా. పెద్దాయన భోజనానికి ఇంటికెళ్ళారు. గుత్తి ఆయన దగ్గరే ఉండిపోయింది.”

రాతమ్మకి గుర్తొచ్చింది. మొన్న మధ్యాహ్నం ఆయన ఇంటికొచ్చి, తాళాలగుత్తి తీసి బల్ల మీద పెట్టి భోజనానికి కూర్చున్నాడు. పళ్ళేనికి అడ్డం వస్తోందని దాన్ని ఆమే పక్కకి జరిపింది. చల్లగా తగిలిందది చేతికి. ఇంకాస్త వేసుకోండి అని మారు వడ్డించింది. ఎండగా ఉంది, కాసేపు నడుం వాల్చి వెళ్ళండి అని కూడా అంది. ఆయన నడుం వాల్చాడు. ఆమె చప్పుడు కాకుండా గిన్నెలు కడిగింది, ఆయన నిద్ర చెడకూడదని. అదే వేళకి అక్కడ ఆ అమ్మాయి తలుపు మీద గుద్దుతున్న చప్పుడు ఇప్పుడు ఆమె చెవుల్లో మొదలైంది.

అప్పుడు పిచ్చుక దిండు కిందనుంచి పెన్సిలు తీసింది. మందు డబ్బా చింపి, దాని లోపలి వైపు ఏదో రాసి అందించింది. రాతమ్మ చూసింది. ముందు మాటలు కనపడలేదు, అక్షరాలే కనపడ్డాయి. అన్నీ ఎడమవైపుకి వాలి ఉన్నాయి. ‘క’ తలకట్టు పక్క అక్షరం మీదికి వంగి ఉంది. ఎన్ని మధ్యాహ్నాలు అరచేత్తో సాపు చేసిందో ఆ రాతని. మాటలు తర్వాత చదివింది.

‘నా ప్రార్థనలో ఏం తప్పుందక్కా? ఇరవై మూడు వారాలు వేశాను. ఒక్కసారీ చదవలేదు. దేవుడికి నచ్చని మాట ఏం రాశాను?’

“ఉపవాసాలు కూడా చేసిందమ్మా,” అంది అక్క. “నా మనసులో ఏదో మైల ఉంది, అందుకే దేవుడు నా చీటీని పక్కన పెట్టేస్తున్నాడు అనేది. ముందు నేను బాగుపడాలి అని తిండి మానేసేది. అట్లా ఖాళీ కడుపుతోనే మొన్న పనికెళ్ళింది.”

రాతమ్మ లేచి నిలబడింది. ఎందుకు నిలబడిందో తెలియక మళ్ళీ కూర్చుంది. దేవుడు కాదే, పక్కన పెట్టింది నేను, అనాలని నోరు తెరిచింది. రాలేదు. ఆ డబ్బా అట్టని మడిచి జాకెట్టులో దాచుకుంది. పళ్ళసంచి చేతిలోనే ఉండిపోయిందని సగం మెట్లు దిగాక చూసుకుంది. వెనక్కి వెళ్ళి గుమ్మంలో పెట్టి వచ్చింది.

ఇంటికొచ్చేసరికి ఆయన లేడు. మంచం కిందనుంచి ఏడో డబ్బా లాగి నేల మీద కుమ్మరించింది. ఏరి ఒక్కొక్కటీ వరసగా పేర్చింది. ఇరవై మూడు. ఒక్కటి కూడా తగ్గలేదు. మొదటివాటిలో పెన్సిలు గట్టిగా ఒత్తి రాసి ఉంది. పోనుపోను పలచబడింది. చివరిదాని అడుగున ఇంకో చిన్న మాట ఉంది, అప్పుడు చూడనే లేదు: ‘దయచేసి.’

ఆమె గోడకి జారగిలబడి కూర్చుంది. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. ఆశ్చర్యమే వచ్చింది, తన మీద తనకి. పోస్టుమాను ఉత్తరాలు విప్పి, తనకి నచ్చినట్టు తిరగరాసి పంచితే వాణ్ణి ఏమంటాం? పైగా వాడు దేవుడంటే తనకి మహా భక్తి అంటే? దేవుడికి అన్నీ తెలుసు, సరే. ఆయనకి తెలియడానికైతే చదవడమే అక్కర్లేదు. చదివేది మనుషులు వినడానికి. విని చెయ్యి వెయ్యడానికి. ‘పనిచేసే చోట క్షేమం’ అంటే ఎవడు చెయ్యి వేస్తాడు, ఎక్కడ వేస్తాడు? ఆ మాటలో పట్టుకోడానికి చోటేదీ? ‘తాళం తీయించు’ అంటే తాళం ఉంది, తలుపు ఉంది, తాళంచెవి ఉన్న మనిషి ఉన్నాడు. పట్టుకోడానికి వీలున్న ప్రతి మాటనీ పదకొండేళ్ళుగా తను ఏరి పక్కన పెట్టింది. ఇటుకలు ఎందుకు మోయడం లేదో ఇప్పుడు తెలిసింది. పిల్లలకి గోడ మీది రాత నేర్పుతూ, అదే చేత్తో దాన్ని తుడిపేసింది తనే. మెత్తగా రాయమన్నది ఆయన, నిజమే. కానీ కాగితం మీద కదిలింది తన చెయ్యి. అది తలుచుకుంటే ఆయన మీద కోపం కూడా పూర్తిగా రావడం లేదు, సగం తన మీదికే తిరుగుతోంది.

“తెరువు, ప్రభూ,” అంది పైకే. తలుపు గురించి అందో తన నోటి గురించి అందో ఆమెకే తెలియదు. తర్వాత కాళ్ళు కడుక్కుని బల్ల దగ్గర కూర్చుని రాసింది. ఎప్పటి అక్షరాలే, ఎప్పటి కాగితమే. ఆయన వచ్చి, మడిచిన కాగితం తీసుకుని తెల్లచొక్కా జేబులో పెట్టి, “మెత్తగానే రాశావుగా?” అన్నాడు. జవాబు కోసం ఆయన ఆగలేదు.

మర్నాడు హాలు నిండింది. పిచ్చుక అక్క వెనక వరసలో కూర్చుంది. రాతమ్మ అత్తగారి పక్కన కూర్చుని రెండు చేతులూ ఒళ్ళో బిగించి పెట్టుకుంది. ఆయన కాగితం విప్పాడు. మొదటి మొర, ఎవరిదో మోకాలి నొప్పి. ఇది మా అందరి మొర. రెండోది, పరీక్ష రాసే పిల్లాడు. ఇది మా అందరి మొర. మూడోదానికి ఆయన గొంతు బాగా ఊపందుకుంది.

“జిగురు గది వెనక తలుపుకి బయటినుంచి తాళం వేస్తున్నారు. లోపల పద్నాలుగు మందిమి ఉంటాం. గాలి ఆడడం లేదు. ఆ తాళం తీయించు దేవా!”

గొంతు గొంతే, దానికి బుర్రతో పనిలేదు. ఆఖరి మాట దాకా ఖంగున చదివేశాడు. అత్తగారు అలవాటుగా అందుకుంది. హాలు మొత్తం అందుకుంది. “ఇది మా అందరి మొర.” ముందు వరసలో కళ్ళు మూసుకుని కూర్చున్న యజమాని కూడా అన్నాడు, అందరికన్నా కాస్త గట్టిగానే.

అన్నాక తెరిచాడు కళ్ళు. పైన ఆయన ఫ్యాన్లు తిరుగుతున్న చప్పుడు ఒక్కటే వినపడుతోంది. పీఠం దగ్గర భర్త కాగితాన్ని దగ్గరికీ దూరానికీ జరిపి చూశాడు, తప్పు చూపుదైనట్టు. ఆ కింద ఇంకా రాసి ఉంది. పెదాలు కదిలాయి. జీవితంలో మొదటిసారి గొంతు పెగల్లేదు.

రాతమ్మ లేచింది. లేవకముందే అత్తగారు చెంగు పట్టుకుంటుందనుకుంది, పట్టుకోలేదు.

“మిగతాది నేను చెప్తాను,” అంది. తన గొంతు ఆ హాలులో ఎలా ఉంటుందో ఆమెకే తెలియదు, సన్నగా ఉంది. “ఈ మొర ఇరవై మూడు వారాలు వచ్చింది. ఒక్కసారీ చదవలేదు. చదవకుండా మార్చి రాసింది నేను. ఇదొక్కటే కాదు. మీలో చాలామంది మొరలు ఈ హాలులో వినపడలేదు. అవి దేవుడు తోసేసినవి కావు. నేను మెత్తగా చేసినవి. అసలు చీటీలన్నీ మా ఇంట్లో మంచం కింద ఉన్నాయి. నన్ను క్షమించమని తర్వాత అడుగుతాను. ముందు ఇది. ఇప్పుడు అందరం నాదీ అన్నాం. అన్నవాళ్ళం చెయ్యి వెయ్యాలి, పిల్లలకి చెప్పేది అదేగా. రేపు పొద్దున ఎనిమిదింటికి నేను ఆ తలుపు దగ్గర ఉంటాను.”

కూర్చుంది. వెనక వరసలో ఎవరో వెక్కిన శబ్దం. మోకాలి నొప్పి అని మొర వేసినావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పక్కన అత్తగారు గోడ మీది నీలం అక్షరాలనే చూస్తూ ఉంది, మొదటిసారి చదువుతున్నట్టు.

ఇంటికి వచ్చాక ఆయన తెల్లచొక్కా విప్పి కుర్చీ మీదికి విసిరాడు. “నా నోటితో చెప్పించావు! నా ఉద్యోగం, నా పరువు, అన్నీ నా నోటితోనే!”

“ఆరోజు గుత్తి ఇక్కడే ఉంది,” అంది ఆమె, భోజనాల బల్ల చూపించి. “ఆ అమ్మాయి తలుపు గుద్దుతుంటే గుత్తి ఇక్కడ ఉంది. నేనే పక్కకి జరిపాను. మీకు తెలుసు. తెలిసి, కళ్ళు తిరిగి పడిందన్నారు.”

ఆయన బల్ల వైపు చూసి, చొక్కా మళ్ళీ తొడుక్కుని బయటికి వెళ్ళిపోయాడు. ఆమె మందు ఇవ్వడానికి అత్తగారి గదిలోకి వెళ్ళింది. తిట్లకి సిద్ధపడే వెళ్ళింది. అత్తగారు మందు మింగి, గ్లాసు తిరిగి ఇవ్వకుండా పట్టుకుంది.

“దాచావా, అన్నీ?”

“దాచాను అత్తయ్యా.”

“నేను చింపేసేదాన్ని,” అంది అత్తగారు. “నీకు ముందు పద్దెనిమిదేళ్ళు. మీ మామగారు ఏరి ఇచ్చేవారు, నేను పొయ్యిలో వేసేదాన్ని. నా చెల్లెలి చీటీ కూడా వేశాను. దాని చేతిరాత అని తెలిసే వేశాను. నెల తిరక్కుండా పోయింది అది.” గ్లాసు ఆమె చేతికిచ్చి అటు తిరిగి పడుకుంది. పన్నెండేళ్ళుగా రాతమ్మ ఆ వీపుకి మందు రాస్తోంది, ఆ వీపు ఇంత మోస్తోందని తెలియదు.

మర్నాడు ఎనిమిదింటికి తలుపు దగ్గర తనొక్కతే ఉంటుందనుకుని వెళ్ళింది. అప్పటికే పద్నాలుగు మందిలో పదమూడు మంది అక్కడున్నారు. తర్వాత మోకాలినొప్పావిడ కుంటుకుంటూ వచ్చింది. పరీక్ష రాసే పిల్లాడి తండ్రి వచ్చాడు. ఎప్పుడూ మాట్లాడని దర్జీ వచ్చాడు. ఎనిమిదిన్నరకి నలభై మంది అయ్యారు. ఎవరూ కేకలు వెయ్యలేదు. ఏం చెయ్యాలో కూడా ఎవరికీ తెలియదు, నిలబడ్డారంతే. యజమాని కారు దిగి ఆ నలభై మొహాలూ చూశాడు. అన్నీ తన పక్కనే కూర్చుని ప్రార్థన చేసే మొహాలు.

“ఇది ఫ్యాక్టరీ, మందిరం కాదు,” అన్నాడు.

“మీరూ అన్నారు అయ్యగారూ,” అంది పిచ్చుక అక్క. “మీ గొంతు నేను విన్నాను.”

ఆయన గోదాము వైపు తిరిగి చెయ్యి ఊపాడు. గుత్తి పట్టుకుని వచ్చింది రాతమ్మ భర్తే. ఆమె వైపు చూడకుండా నడిచాడు. సరైన తాళంచెవి దొరకలేదు, రెండుసార్లు తప్పుది పెట్టాడు. తాళం ఊడింది. తలుపు తెరుచుకోగానే లోపలి ఘాటు బయటికి తన్నింది. నలభై మందీ ఒక్కసారిగా దగ్గారు. ఆ దగ్గుతో చాలామందికి మొర అప్పుడే అర్థమైంది. తలుపు లోపలి వైపు, చెయ్యెత్తు దగ్గర, రంగు లేచిపోయి ఉంది.

సాయంత్రం ఆయన ఇంటికొచ్చి నెమ్మదిగా కూర్చున్నాడు. ఉద్యోగం ఉందనీ, తాళం మళ్ళీ వెయ్యరనీ చెప్పాడు. ఆమె కాఫీ పెట్టి ఇచ్చింది. సగం తాగాక గొంతు సవరించుకున్నాడు.

“ఒక్కటి చెయ్యాలి. వచ్చే ప్రార్థనలో రెండు మాటలు చదవాలి. నిన్న చదివినదాంట్లో పొరపాటు దొర్లిందనీ, ఎవరినీ ఉద్దేశించి కాదనీ. యజమానిగారు అడిగారు. నీ చేత్తోనే రాయి.” ఆగి, అలవాటు కొద్దీ అన్నాడు, “కాస్త మెత్తగా రాయి.”

ఆమె అతన్ని చూసింది. నిన్నటి తర్వాత ఇంకేదీ తనని నిర్ఘాంతపరచదనుకుంది. ఇదీ ఒకటి మిగిలి ఉంది. తలుపు మీద ఊడిన రంగు చూసి వచ్చిన మనిషి, అదే పూట, అదే మాట. ఆమె లేచి గదిలోకి వెళ్ళి మంచం కిందనుంచి మొదటి డబ్బా లాగింది. అన్నిటికన్నా అడుగున ఉన్న చీటీ తీసింది. మడతల దగ్గర పసుపుపచ్చబడింది, కానీ అక్షరాలు చెక్కు చెదరలేదు. పెద్ద కాగితం పరిచి, పైన మొట్టమొదట, ఒక్క మాట కూడా మార్చకుండా దాన్ని ఎక్కించింది. సిరా ఆరేదాకా ఆగి, తెచ్చి ఆయన చేతికిచ్చింది.

“వచ్చేవారం మొదటిది ఇదే,” అంది. “మిగతావి డబ్బాల్లోంచి రాస్తాను. పొరపాటు దొర్లింది అని మాత్రం నా చెయ్యి రాయదు. కావాలంటే మీరు రాసుకోండి.”

ఆయనకి మనసులో చదువుకోవడం రాదు కదా. కాగితం ఎత్తి పట్టుకున్నాడు, ఆ గంట గొంతు వంటింటి గోడలకి తగిలి మోగింది: “నేను మళ్ళీ బడికి వెళ్ళి పాఠాలు చెప్పాలి. నా ఇంట్లోవాళ్ళు అడ్డుపడకూడదు.”

ఆఖరి అక్షరం ఆయన పలికీ పలక్కముందే, లోపలి గదిలోంచి, చీకట్లో ఎప్పుడో లేచి కూర్చున్న అత్తగారి గొంతు అందుకుంది.

“ఇది మా అందరి మొర.”